దిగేవాళ్ళకి చెప్పే మాట

లైప్‌జిగ్
1996 అక్టోబర్ 14

ప్రియమైన ట్రూడె అత్తకు,

నీ మోకాలూ నీ కుందేళ్ళూ బాగున్నాయని తలుస్తాను. ముందు కుర్చీ లాక్కుని కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

నన్ను ఎంపిక చేశారు. జనవరి నుంచి జూన్ దాకా ఒక సెమిస్టరు నార్వేలో చదువుతాను. పటం మీద వేలు పెట్టి పైకి జరుపుతూ పోతే ఇక పటం అయిపోతుంది కదా, అక్కడుంది ట్రోమ్సో అనే ఊరు. అక్కడి టీచర్ల కాలేజీలో చదువు, వారానికి రెండు రోజులు ఊరి బళ్ళో చిన్నపిల్లలకు జర్మన్ నేర్పడం. మా తరగతిలో ఇద్దరికే వచ్చింది ఈ అవకాశం. రెండో అమ్మాయి స్పెయిన్ వెళ్తోంది, ఎండలోకి. నేను చీకట్లోకి.

చీకటి అన్నది మాటవరసకి కాదు. నేను వెళ్ళేసరికి అక్కడ సూర్యుడు ఉండడట. నవంబర్ చివర్లో కొండల వెనక్కి దిగిపోయి, జనవరి మూడో వారంలో గానీ మళ్ళీ మొహం చూపించడట. మధ్యాహ్నం కాసేపు ఆకాశం నీలంగా మారుతుంది, అంతే. తగరం గనిలో దీపాల గది చూసుకున్నదానివి, గని మూతపడినా ఊరంతా నిన్నింకా దీపాల ట్రూడె అనే అంటోంది. చీకటి గురించి నిన్ను కాక ఎవర్ని అడగను?

నాన్న తన ట్రాము ఎక్కినవాళ్ళందరికీ చెప్పేశాడు. స్టాపు పేరు చెప్పాల్సిన చోట నా పేరు చెప్పాడేమో కూడా. అమ్మ సూట్‌కేసు కొనేసింది. ఎవరు చూసినా ఎంత అదృష్టమో అంటున్నారు, నేనూ అవునవునంటున్నాను. అబద్ధమూ కాదు. రోజులో చాలాసేపు సంతోషంగానే ఉంటాను. పొద్దున్నే కళ్ళు తెరిచిన ఆ మొదటి నిమిషంలో మాత్రం కడుపులో రాయి ఉంటోంది. ఇది నీకొక్కదానికే చెప్తున్నాను.

అందరి శుభాకాంక్షలూ అందాయి. నీదొక్కటే మిగిలింది. రెండు ముక్కలు రాయి అత్తా, ఆ రాయి కొంచెం కరుగుతుంది.

నీ కోసం ఎదురు చూసే
రీకె


ఎర్లెన్‌గ్రుండ్
అక్టోబర్ 21

రీకెకు అత్త రాసేది,

ఉత్తరం అందింది. కూర్చునే చదివాను, ఎందుకంటే మోకాలు బాగాలేదు. కుందేళ్ళు బాగున్నాయి. నల్లది నాలుగు పిల్లల్ని పెట్టింది.

ఈ ఏడు బంగాళాదుంపలు గోలీకాయలంత వచ్చాయి. వానలు ఆలస్యమయ్యాయని అందరూ అంటున్నారు గానీ, విత్తనమే మంచిది కాదని నేను మార్చిలోనే అన్నాను. ఎవరు వింటారు? పెరటి వైపు చూరు కారుతోంది. మీ నాన్నకి చెప్పు, వాడు వచ్చి ఎక్కుతాడని కాదు, తెలియాలని.

పక్కింటి బేకరీ హెర్ట్‌విగ్ ఆవిడకి మీ అమ్మ ఫోన్ చేసిందట. పొద్దున రొట్టె కోసం వెళ్తే, పదిమంది ముందు "మీ రీకె నార్వే వెళ్ళి టీచరై వస్తోందటగా" అంది. దిష్టి తగలకుండా చెక్క మీద మూడుసార్లు తట్టమన్నాను. కౌంటరు మీద తట్టింది. ఆ కౌంటరు చెక్క కాదు, ప్లాస్టిక్కు. బయటికి లాక్కొచ్చి తలుపు మీద తట్టించాను. రొట్టె చల్లారిపోయింది.

మీ అమ్మ అప్పుడే సూట్‌కేసు కొన్నదా? ఆలు లేదు చూలు లేదు, కొడుక్కి మాత్రం పేరు పెట్టేశారు. దాని రసీదు పారెయ్యొద్దని చెప్పు.

నువ్వు రాసిన ఆ సంగతి చదివాను. చూద్దాం.

మెడకు ఏదన్నా చుట్టుకుని బయటికి వెళ్ళు.

అత్త


లైప్‌జిగ్
నవంబర్ 8

ప్రియమైన అత్తకు,

బంగాళాదుంపలకి ఒక పేరా, చూరుకి రెండు వాక్యాలు, హెర్ట్‌విగ్ ఆవిడ కౌంటరుకి అరపేజీ. నాకు ఒక్క ముక్క. "చూద్దాం." ఆ ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను, వెనక ఇంకేమైనా ఉందేమోనని.

మనవాళ్ళ పద్ధతి నాకు తెలియనిది కాదు. సాయంత్రం కాకుండా రోజును మెచ్చుకోకూడదనీ, పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెప్తే కీడనీ నీ ఒళ్ళో కూర్చునే నేర్చుకున్నాను. నా పుట్టినరోజు కార్డు ఎక్కడ ఒక్కరోజు ముందు అందుతుందోనని, పుట్టినరోజు నాడే పోస్టు చేస్తావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది ఆలస్యంగానే వస్తోంది. నాన్న దాన్ని "సంతాపం కార్డు" అంటాడు. సరే. కానీ ఇది పుట్టినరోజు కాదు కదా. నేను అడిగింది కేకు కాదు, ధైర్యం.

ధైర్యం ఎందుకు కావాలో చెప్తాను. సెప్టెంబర్‌లో మూడో తరగతి పిల్లలకి నా మొదటి పాఠం బాగా జరిగిందని రాశాను కదా. జరగలేదు. వాన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది పాఠం. బోర్డు మీద చెరువు గీశాను, మబ్బు గీశాను, చెరువు నుంచి మబ్బుకి బాణం గీశాను. పిల్లల వైపు తిరిగాను. "ఆవిరి" అన్న మాట లేదు. ఎప్పుడూ ఉండే చోట లేదు. వాకిట్లో నిలబడి తాళం కోసం జేబులు తడుముకున్నట్టు తడుముకున్నాను. పిల్లలు నవ్వి ఉంటే బాగుండేది. వాళ్ళు నవ్వలేదు, నన్ను చూసి భయపడ్డారు. ముందు బెంచీలో పాప ఒకతి లేచి, చాలా మెల్లగా, "మిస్, ఎవర్నైనా పిలుచుకు రానా?" అని అడిగింది. వెనక కూర్చున్న వాళ్ళ టీచరు వచ్చి పాఠం పూర్తిచేసింది. నేను గోడ పక్కన నిలబడి విన్నాను.

పుట్టి పెరిగిన భాషే చెయ్యిచ్చిందంటే, ఏడాదిన్నర క్రితం మొదలెట్టిన నార్వే భాష నన్ను నిలబెడుతుందా? అక్కడ నోరు మూతపడితే ఎవర్ని పిలుచుకొస్తారు? సూర్యుడు కూడా ఉండడు.

దీపాల గదిలో ఒక మూల నన్ను కూర్చోబెట్టుకునేదానివి, గుర్తుందా? దిగే ప్రతి మనిషికీ దీపం అందిస్తూ "గ్లూక్ ఔఫ్" అనేదానివి. క్షేమంగా పైకి రా అని. ఎవ్వరినీ వదిలేదానివి కాదు, నీకు పడని వాళ్ళని కూడా. మరి అది ముందుగా చెప్పే శుభాకాంక్ష కాదా? ఊళ్ళో మగాళ్ళందరికీ రోజూ చెప్పినదానివి, మేనకోడలికి ఒక్కసారి చెప్పలేవా?

వెళ్ళు అంటే వెళ్తాను. వద్దంటే మానేస్తాను. "చూద్దాం" అంటే నేనేం చెయ్యాలి?

రీకె


ఎర్లెన్‌గ్రుండ్
నవంబర్ 17

రీకెకు,

గనిలో చెప్పేది వేరు, ఇది వేరు. ఎలా వేరని అడక్కు, నాకు చెప్పడం రాదు.

బళ్ళో జరిగినది చదివాను. ఆ పాప మంచి పిల్ల. మీ నాన్నకైతే ఈ విషయం చెప్పకు, ట్రాములో చెప్పేస్తాడు.

నన్ను వెళ్ళు అనమంటావు. అననూ లేను, వద్దు అననూ లేను. ముందుగా సంతోషపడితే ఏమవుతుందో ఈ ఇంట్లో ఒకసారి చూశాను, అది చాలు. నీకిది చాదస్తంగా ఉంటుంది. ఉండనీ.

ఇంకో సంగతి. చీకటికి భయపడేవాళ్ళు రెండు రకాలు. చీకటంటే ఏమిటో తెలియనివాళ్ళు, బాగా తెలిసినవాళ్ళు. మొదటివాళ్ళకి దీపం ఇస్తే సరిపోతుంది. నువ్వు ఏ రకమో నాకింకా తెలియలేదు.

ఈ పార్సిలులో మూడు జతల ఊలు సాక్సులున్నాయి. గొర్రె బొచ్చు మనూరిదే, కొంచెం గుచ్చుకుంటాయి. ఇవి నార్వే కోసం కాదు. చలికాలం కోసం. చలికాలం అందరికీ వస్తుంది.

అత్త


లైప్‌జిగ్
డిసెంబర్ 12

ప్రియమైన అత్తకు,

నా పుట్టినరోజు కార్డు ఎప్పటిలాగే ఆలస్యంగా అందింది. కృతజ్ఞతలు. సాక్సులు నార్వేకి కాదని రాశావు కాబట్టి లైప్‌జిగ్‌లోనే తొడుక్కు తిరుగుతున్నాను. గుచ్చుకుంటున్నాయి.

అమ్మ మొన్న హెర్ట్‌విగ్ ఆవిడతో ఫోనులో మాట్లాడింది. మా రీకె ప్రయాణం గురించి ట్రూడె ఏమంటోందని అడిగిందట. "వెళ్తే వెళ్తుంది, అంది" అని చెప్పిందట ఆవిడ. అమ్మ నాకు ఆ మాట చెప్పేసి, ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్తుంది. పక్కింటి పిల్లి గురించి కూడా ఇంతకన్నా మమకారంగా అంటారు.

ఏమైనా చెప్పు అత్తా, నేను చేతకానిదాన్నని నీకు అనిపిస్తోంది కదా? నువ్వు అనవు. మనసులో పెట్టుకుంటావు. పాఠం మధ్యలో మాట మర్చిపోయానని నీకు రాయకుండా ఉండాల్సింది.

జనవరి మూడున బయల్దేరాలి. రైలు, ఓడ, మళ్ళీ బస్సు. క్రిస్మస్ పండక్కి మేం రాలేం, నాన్నకి రెండు రోజులూ ట్రాము డ్యూటీ వేశారు. జనవరి తొమ్మిదిన నీకు అరవై నిండుతాయి. ఆ రోజు నేను ఎక్కడ ఉంటానో, అక్కడ పోస్టాఫీసు ఎటు ఉంటుందో నాకు తెలియదు. అందుకని కార్డు ఇందులోనే పెడుతున్నాను. అరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు. ముందుగా చెప్పడం నీకు గిట్టదని తెలుసు. కోపంతో చేసిన పని కాదు. అంటే, కొంచెం కోపంతోనే.

రీకె


ఎర్లెన్‌గ్రుండ్
డిసెంబర్ 16

రీకె,

కార్డు తిప్పి పంపుతున్నాను. పైన పూలు కనబడగానే మూసేశాను, లోపల ఏముందో చదవలేదు. తొమ్మిదో తేదీకి ముందు అది ఈ ఇంట్లో ఉండకూడదు.

వెళ్తే వెళ్తుంది అన్న మాట నిజమే. అన్నాను. మన మనిషివై ఉండి దాని అర్థం నీకు తెలియకపోతే నేను చెప్పగలిగేది లేదు.

పోస్టాఫీసు మూసే వేళయింది.

ట్రూడె


లైప్‌జిగ్
డిసెంబర్ 22

అత్తా,

కార్డు తిరిగొచ్చింది. సంతకంలో "అత్త" అని కూడా లేదు, ట్రూడె అని ఉంది, కరెంటు బిల్లు మీద పెట్టినట్టు. ఒక రోజంతా ఏడ్చి, నీకు చాలా ఘాటుగా ఉత్తరం రాశాను. పోస్టు చేసేలోపు అమ్మకి హెర్ట్‌విగ్ ఆవిడ ఫోన్ చేసింది.

నా కార్డు పోస్టు చేసి తిరిగొస్తూ మెట్ల మీద పడ్డావట. కుడి మణికట్టు విరిగిందట. మోచేతి దాకా కట్టు కట్టారట. ఆ ఘాటు ఉత్తరం చింపేశాను.

నేను చదువుకున్నదాన్ని. ముందుగా చెప్పిన శుభాకాంక్షకీ విరిగిన చేతికీ సంబంధం లేదని పిల్లలకి పాఠం చెప్పాల్సినదాన్ని. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. వద్దని తెలిసి, నువ్వు ఎలా నమ్ముతావో తెలిసి, కోపంతో ఆ మాట రాశాను. ఇప్పుడు నువ్వు ఒంటి చేత్తో కుందేళ్ళకి మేత వేసుకుంటున్నావు. ఇంత మాత్రానికే ఇలా అయితే, నేను ఓడ ఎక్కితే ఏమవుతుంది?

నేను వెళ్ళడం లేదు. మానుకుంటున్నానని యూనివర్సిటీ వాళ్ళకి ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను. సెలవుల తర్వాత జనవరి రెండున ఆఫీసు తెరుస్తారు, తెరవగానే ఇచ్చేస్తాను. నాన్నకీ అమ్మకీ ఇంకా చెప్పలేదు. నీ చెయ్యి బాగయ్యేదాకా నీ దగ్గరే ఉంటానని చెప్తే వాళ్ళేమీ అనలేరు.

ఇంకొకటి చెప్పాలి. అది రాసి మడిచిన క్షణమే కడుపులో రాయి మాయమైపోయింది. హాయిగా నిద్రపట్టింది. టీచరు కావాలనుకున్నప్పటి నుంచి ఇంత హాయిగా ఎప్పుడూ లేను. ఆ హాయి చూస్తే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయమేస్తోంది.

క్షమించు.

రీకె


ఎర్లెన్‌గ్రుండ్
డిసెంబర్ 27

రీకె తల్లీ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంటుంది, ఓపిక పట్టు. హెర్ట్‌విగ్ ఆవిడ తను రాసిపెడతానంది. ఆవిడ రాస్తే నీకన్నా ముందు ఊరు చదువుతుంది. సూప్ తెచ్చిపెడుతోంది పాపం, అందుకు ఏమీ అనకూడదు.

ముందు చెయ్యి సంగతి. పోస్టాఫీసు మెట్ల మీద మంచు పేరుకుంది, ఎవరూ ఉప్పు చల్లలేదు. నేను ఇంట్లో వేసుకునే చెప్పులతో వెళ్ళాను. నీ కార్డు బల్ల మీద ఉంటే నాకు కాలు నిలవలేదు, బూట్లు తొడుక్కునేంత ఆగలేకపోయాను. నన్ను పడేసింది నీ శుభాకాంక్ష కాదు. నా భయం. ఇది నీకు చెప్పకపోతే నువ్వు జన్మంతా ఆ మెట్లు మోస్తావు.

రెండోది. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు టీచర్ల బళ్ళో సీటు వచ్చింది. ఈ సంగతి మీ నాన్నకి కూడా సరిగా తెలియదు, వాడప్పుడు పదేళ్ళవాడు. సెప్టెంబర్‌లో చేరాలి. ఆగస్టులో మా అమ్మ విందు చేసింది. కేకు మీద చక్కెరతో "టీచరమ్మ" అని రాయించింది. వీధి వీధంతా వచ్చి చెయ్యి కలిపి అభినందించి వెళ్ళింది. రెండు రోజులకి మా పెద్దన్న కొన్రాడ్ సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీకి పారిపోయాడు. వారం తిరక్కుండా నా సీటు రద్దయింది. అలాంటి ఇంటి పిల్లకి పిల్లల్ని అప్పగించరట. కేకు చాలా మిగిలింది. తిండి పారేసే రోజులు కావు. రోజూ కాఫీతో తిన్నాం, అయిపోయేదాకా. ఒక అక్షరం నా ముక్క మీద పడింది. అది కూడా తిన్నాను.

అప్పటి నుంచి ముందుగా ఎవరు సంతోషపడినా నాకు ఆ చక్కెర రుచి వస్తుంది. చదువుకున్నదానివి, కేకు వల్ల కొన్రాడ్ పారిపోలేదంటావు. నాకూ తెలుసు. తెలిసీ చెక్క మీద తడతాను.

"వెళ్తే వెళ్తుంది" అన్నాను. గనిలో ఎవడైనా పెళ్ళికో సెలవుకో బయల్దేరుతున్నాడంటే మేం అందరం అనే మాట అదే. వెళ్తే వెళ్తాడు. పైన వినేదెవరో తెలియదు కదా. మన ఆశ ఎంత పెద్దదో వాళ్ళ చెవిన పడకూడదు. నీ గురించి నేనది ఎంత గట్టిగా అన్నానంటే, బేకరీలో అందరూ తిరిగి చూశారు.

ఇక అసలు మాట. గ్లూక్ ఔఫ్ శుభాకాంక్ష కాదు రీకె. శుభాకాంక్ష పని అయ్యాక చెప్పేది. ఇది దిగేవాడికి చెప్పేది, వాడు తిరిగి పైకొచ్చేదాకా ఆగితే ఇక ఎందుకు? సంతోషంతో అనే మాట కాదది. భయపడేవాడికి ఇంకో భయపడేవాళ్ళు చెప్పే మాట. నేను దీపం చేతికిచ్చిన ప్రతిసారీ భయపడ్డాను. భయమేస్తోందని ఏ రోజూ దీపం ఇవ్వడం మానలేదు. వాళ్ళూ దిగడం మానలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు వెలుగులోకి వెళ్తున్నావనుకున్నాను. పై చదువు, పై దేశం. పైకి వెళ్ళేవాళ్ళకి ఎవరైనా పైకి రమ్మని చెప్తారా? నోరు కట్టేసుకుని కూర్చున్నాను. పండగ నాడు పని చెయ్యడానికి చెయ్యి లేక, నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివాను. మొదటి ఉత్తరంలోనే రాశావు, నేను చీకట్లోకి అని. నాకు కళ్ళున్నాయి గానీ చదవడం రాదు.

కడుపులో రాయి పోయిందని భయపడ్డావు. మంచిదే. రాయి లేకుండా దిగేవాళ్ళని ఫోర్‌మన్ వెనక్కి పంపేసేవాడు. వాళ్ళే ముందు దెబ్బ తింటారని.

గని మూసేసినప్పుడు దీపాలు తగిలించే కొక్కేల చెక్క ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను, తలుపు పక్కన ఉంది చూడు, కోట్లు తగిలిస్తుంటాను. షిఫ్టు అయ్యాక ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ మనిషి వచ్చేదాకా దీపాల గదికి తాళం వెయ్యను. ఇవాళ చివరి కొక్కెం మీది కోటు తీసేశాను. ఆ కొక్కెం నీది.

సంచిలో ఉన్న ఆ కాగితం పొయ్యిలో వెయ్యి. వెయ్యనంటే నీ ఇష్టం, ఇక్కడికి వస్తే కుందేళ్ళకి మేత నువ్వే వెయ్యాలి. నా చెయ్యి మాత్రం సాకు పెట్టకు. కట్టు ఫిబ్రవరిలో తీస్తారు. తీస్తే తీస్తారు.

గ్లూక్ ఔఫ్, రీకె. దిగు. పైకి రా.

నీ అత్త


ట్రోమ్సో
1997 జనవరి 21

ప్రియమైన అత్తకు,

నీ పుట్టినరోజు కార్డు తొమ్మిదో తేదీనే పోస్టు చేశాను, ఒక్కరోజు కూడా ముందు కాదు. పోస్టాఫీసు కొండ కింద ఉంది. ఈపాటికి ఆలస్యంగా అంది ఉంటుంది. నాన్న నీకూ సంతాపం కార్డు వచ్చిందని నవ్వుతాడు.

నీ ఉత్తరం జనవరి రెండున, నేను బూట్లు తొడుక్కుంటుండగా వచ్చింది. మెట్ల మీదే కూర్చుని చదివాను. ఆఫీసుకి వెళ్ళలేదు. కాగితం పొయ్యిలో వేశాను. మర్నాడు రైలెక్కేటప్పుడు నా మొహం చూసి అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. రాయి తిరిగొచ్చింది, దాంతోనే ప్రయాణం చేశాను. ఓడలో అది కూడా వాంతి అవుతుందేమోననుకున్నాను, కాలేదు.

ఇక్కడ భయం తగ్గిందని రాస్తే అబద్ధం. పొద్దున తొమ్మిదింటికి బళ్ళోకి వెళ్తుంటే వీధి దీపాలే వెలుగుతుంటాయి. పిల్లలు చాలా వేగంగా మాట్లాడతారు, సగం నాకు అందదు. మొదటి వారం తరగతిలో బోర్డు మీద రాసి చూపించాను తప్ప గట్టిగా నోరెత్తలేదు. తురిడ్ అని ఇక్కడి టీచరు, ఒక రోజు చూసింది, రెండు రోజులు చూసింది. సాక్సులు రోజూ వేసుకుంటున్నాను. ఇక్కడి చలికి గుచ్చుకోవడం కూడా హాయిగా ఉంది.

ఇవాళ సూర్యుడు వచ్చే రోజు. పిల్లలందర్నీ బడి వెనక కొండవాలు మీదికి తీసుకెళ్ళారు. లోపల జామ్ పెట్టి వేయించిన గుండ్రటి రొట్టెలు చేతుల్లో పట్టుకుని అందరూ దక్షిణం వైపు కొండల్ని చూస్తూ నిలబడ్డారు. మబ్బులున్నాయి. వస్తాడా అని ఎవరైనా అడిగితే పెద్దవాళ్ళు "చూద్దాం" అంటున్నారు. నువ్వు గుర్తొచ్చావు.

అప్పుడు తురిడ్ నా వైపు తిరిగి, పిల్లలందరూ వినేలా అడిగింది. "మీ ఊళ్ళో సూర్యుడు వచ్చినప్పుడు ఏమంటారు, రీకె?"

మా ఊళ్ళో రోజూ వస్తాడు, ఎవరూ ఏమీ అనరు. అదే చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను. నార్వే మాట లేదు. జర్మన్ మాట కూడా లేదు. చెరువూ బాణమూ మబ్బూ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పిల్లలు రొట్టెలు నమలడం ఆపి నన్ను చూస్తున్నారు. ఇక ఎవర్నో ఒకర్ని పిలుచుకొస్తారనుకున్నాను, గోడ కోసం చూశాను, కొండ మీద గోడ లేదు. అప్పుడు నా నోట్లోంచి, నేను అనకుండానే, "గ్లూక్ ఔఫ్" అని వచ్చింది. గట్టిగా. నీ గొంతుతో.

అంటే ఏమిటని ఒక పాప అడిగింది. కిందికి దిగినవాళ్ళు క్షేమంగా పైకి రావాలని చెప్పే మాట అన్నాను. మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు, వచ్చాయి. భయపడేవాళ్ళు భయపడేవాళ్ళకి చెప్తారని కూడా చెప్పాను. సూర్యుడు కిందే ఉన్నాడు కదా, అయితే వాడికే చెప్పాలి అంది పాప. అంతే, కొండవాలంతా "గ్లూక్ ఔఫ్" అని అరుపులు. ఉచ్చారణ ఘోరంగా ఉంది. దిద్దాను. టీచర్లు చేసే పని అదే కదా.

కొండల మధ్య మబ్బు చీలి, గోరంత ఎర్రటి అంచు కనబడింది. పిల్లలు అరిచినందుకు కాదు, క్యాలెండర్లో ఉన్నందుకు వచ్చాడు. అయినా ఆ పాప నా వైపు గర్వంగా చూసింది. కాసేపు ఉండి దిగిపోయాడు. తురిడ్ నా చేతిలో ఇంకో రొట్టె పెట్టింది. గురువారం పాఠం నువ్వే చెప్పు అంది. సరే అన్నాను.

నీ చెయ్యి ఎలా ఉంది? కుందేళ్ళకి మేత ఎవరు వేస్తున్నారు? హెర్ట్‌విగ్ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు, తలుపు మీద తట్టి చెప్పు.

గురువారం గురించి ఏమీ రాయడం లేదు. జూన్ గురించి అసలే రాయను. వస్తే వస్తాను. ఇది గట్టిగా చదువుకో అత్తా, పైన వినేవాళ్ళకి వినబడాలి. కొక్కెం మాత్రం ఖాళీగానే ఉంచు.

ఇంకా కిందే ఉన్న
నీ రీకె